నీళ్లలో సైరన్ వినపడదు

మార్చి 3

కింది వాటాలో టైలరమ్మ కూడా వెళ్లిపోయింది. పొద్దున్నే తాళంచెవి నా చేతిలో పెట్టి, "మొక్కలకు కాసిన్ని నీళ్లు పొయ్యి తల్లీ, బతికుంటే మళ్లీ వస్తాం" అని నవ్వింది. నవ్వొచ్చే మాటేనా అది! ఇన్నాళ్లూ బడి వదిలాక నేను పని నుంచి వచ్చేదాకా పిల్ల వాళ్లింట్లోనే ఉండేది. ఆమె వెనకాల తలుపు వేసి వచ్చి మెట్ల మీద కాసేపు కూలబడ్డాను.

బడి పన్నెండున్నరకే వదిలేస్తున్నారు. అవతలి బడి కూలిపోయాక ఆ పిల్లలకీ ఇదే భవనం దిక్కయింది. మనవాళ్లు పొద్దున, వాళ్లు మధ్యాహ్నం. నా పని ఆరింటికి గాని తెమలదు. నడుమ ఈ ఐదున్నర గంటలు పదకొండేళ్ల పిల్లను ఎక్కడ దాచను?

ఇంట్లో ఉంచే మాటే లేదు. అత్తయ్యకు బ్రహ్మచెవుడు. సైరన్ మోగుతున్నా కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తుంటుంది. ఆయనేమో నీళ్ల పంపుహౌసులో డ్యూటీ. పైపులు పగిలేకొద్దీ అతికించడం, అతికించేకొద్దీ పగలడం. వారానికో పది రోజులకో ఒకసారి ఇంటికొస్తాడు. ఆ మంగళవారం తర్వాత వీళ్లిద్దర్నీ ఐదో అంతస్తులో ఒంటరిగా వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ మంగళవారం గురించి ఇక్కడ రాయను.

అత్తయ్య సంగతి తేల్చాను. పగలంతా కింద వాచ్‌మన్ వాళ్ల గదిలో కూర్చుంటుంది. వాచ్‌మన్ భార్యకు మాట్లాడ్డానికి మనిషుంటే చాలట, ఆ మనిషికి వినపడకపోయినా ఫర్వాలేదట. గది మాత్రం జానెడు, పిల్లని రోజూ అక్కడ ఇరికించలేను.

బడి అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టుకునే క్లాసులు ఊళ్లో ఇంకేం మిగిలాయో కనుక్కోవాలి. "ఏదన్నా నేర్చుకుంటావా?" అని అడగడమే ఆలస్యం, "ఈత" అంది. బడి వెనక సందులో ఈతకొలను ఇంకా నడుస్తోందట.

"నీళ్లలో సైరన్ వినపడదే" అన్నాను.

"ఊ" అని ఊరుకుంది. ఒకప్పుడైతే గంటసేపు వాదించేది. వాగుడుకాయ అని ఊరికే పేరు పెట్టామా! ఇప్పుడు చెబితే అర్థం చేసుకుంటోంది. ఈ ఇంట్లో నాకున్న సుఖం అదొక్కటే.

మార్చి 5

బొమ్మల క్లాసు చూసొచ్చాను. నాలుగో అంతస్తు. గోడ ఉండాల్సిన చోట అద్దం. "వెలుతురు బాగా వస్తుందండీ" అని ఆ డ్రాయింగు మాస్టారు మురిసిపోతున్నాడు. ఇంకేమొస్తుందో ఆయనకు తట్టినట్టు లేదు. అద్దానికి అడ్డంగా బ్రౌను టేపు అతికించి, దాని మీద కూడా పిల్లల చేత పువ్వులు వేయించాడు.

పాటల క్లాసు వంతెన పక్కన. వంతెన పక్కన అంటే ఇక చెప్పేదేముంది. గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను.

కరాటే క్లాసు ఉంది, నేల మీదే ఉంది. కానీ అందరూ కలిసి గొంతు చించుకుని అరుస్తారు. ఆ అరుపుల్లో ఏం వినపడి చస్తుంది?

రాత్రి ఆయన ఫోన్ చేశాడు. బొమ్మల మాస్టారికి బొమ్మలే రావని చెప్పాను. గోడ మీద ఆయన వేసిన గుర్రానికి కాళ్లు సరిగా లేవన్నాను.

"గుర్రం కాళ్లు బాగోలేవని పిల్లని చేర్చలేదా?"

"ఆయనకే రానిది దీనికేం నేర్పిస్తాడు?"

"సరేలే" అన్నాడు. ఆ 'సరేలే' అంటే నాకు ఒళ్లు మంట. అయినా ఆ గుర్రం నిజంగానే బాగోలేదు.

మార్చి 6

ఇవాళ రెండుసార్లు మోగింది. ఏమీ రాయను.

మార్చి 9

మూడు రోజుల నుంచి పిల్లని నాతో పాటు ల్యాబుకే తీసుకెళ్తున్నాను. యజమాని మంచివాడు, ఏమీ అనలేదు. కానీ అది పిల్లలుండే చోటు కాదు. పళ్లసెట్లు చేసే ల్యాబు అంటే ఒక మూల మైనం కాగుతుంటుంది, ఇంకో మూల సానరాయి గిర్రున తిరుగుతుంటుంది, ఎటు చూసినా పిండిలాంటి పొడి. వాసనకు నాకే అప్పుడప్పుడు కళ్లు తిరుగుతాయి. పిల్ల బల్ల కింద కూర్చుని చదువుకుంటోంది. కుర్చీ వేశాను, వద్దంది. బల్ల కిందే బాగుందట.

పని మాత్రం వద్దన్నా వస్తోంది. ఇంతకుముందు ముసలాళ్ల సెట్లు చేసేవాళ్లం. ఇప్పుడన్నీ నైట్‌గార్డులే. నిద్రలో పళ్లు కొరక్కుండా రాత్రిపూట పళ్లకు వేసుకునే తొడుగులు. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తారు, మేం అందులో సుద్ద పోసి పళ్ల వరస తయారుచేసి, దానికి సరిపడా తొడుగు చేస్తాం. ఏ వరస చూసినా అరిగిపోయి ఉంటోంది. వెనకటికి కోపం వస్తే ఎదుటి మనిషిని చూసి పళ్లు కొరికేవాళ్లు. ఇప్పుడు ఎవర్ని చూసి కొరకాలో తెలియక ఊరంతా నిద్రలో కొరుకుతోంది.

"ఈ గొడవ ఆగిపోతే మన వ్యాపారం దివాలా" అన్నాడు యజమాని.

"ఆగనివ్వండి సార్, అడుక్కు తిందాం" అన్నాను. ఇద్దరం నవ్వాం. బల్ల కింద పిల్ల నవ్వలేదు.

సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, "ఈ గాలి పిల్లకి మంచిది కాదమ్మా. నా కూతురైతే తీసుకురానిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. ఆయన అన్నది నిజమే. నిజం కాబట్టే ఏడుపొచ్చింది.

మార్చి 11

దొరికింది! తల ప్రాణం తోకకొచ్చింది గాని దొరికింది.

మూతబడిన ఫర్నిచరు షాపు కింద సెల్లారులో చదరంగం క్లాసు. చెప్పేది రిటైరైన లెక్కల మాస్టారు. కిటికీ అన్నదే లేదు. రెండు వైపులా మెట్లు. పైన రెండు స్లాబులు. అటక మీద మంచినీళ్ల డబ్బాలు, టార్చిలైట్లు. బడి నుంచి రెండు వీధులే, మాస్టారే గేటు దగ్గరికొచ్చి పిల్లల్ని వరసగా తీసుకెళ్తాడు, ఆరు దాకా ఉంచుకుంటాడు. సైరన్ మోగితే ఏం చేస్తారని అడిగాను.

"ఏం చేస్తామమ్మా, ఎత్తు వేస్తాం" అన్నాడు. కాళ్ల మీద పడాలనిపించింది.

వచ్చేటప్పుడు దార్లో పిల్లనడిగాను, "నచ్చిందా?"

"నీకు నచ్చిందా?"

"నాకు నచ్చితే ఏంటి, ఆడేది నువ్వు."

"అయితే నచ్చింది" అంది.

మార్చి 12

పడుకున్నాను. తెల్లారేదాకా మెలకువ రాలేదు. ఎన్నాళ్లయిందో ఇలా నిద్రపోయి.

మార్చి 20

చదరంగం బ్రహ్మాండంగా సాగుతోంది. నేను మధ్యాహ్నం ఫోన్ చేయడం కూడా తగ్గించాను. ఇవాళ కొంచెం ముందుగా బయటపడి మాస్టారిని కలిశాను. "మీ అమ్మాయి ఇంతవరకూ ఓడిపోలేదమ్మా" అన్నాడు. ఆనందంతో ఉబ్బిపోయాను. "గెలవడమూ లేదనుకోండి. రాజుని మూలన కూర్చోబెట్టి చుట్టూ బంట్లని పేరుస్తుంది. ఇక కదపదు. ఎదుటివాళ్లకి విసుగొచ్చి లేచిపోతారు" అన్నాడు. ఓడిపోకపోవడం చిన్న విషయమా? పెద్దపెద్దవాళ్లే ఓడిపోతున్నారు.

పిల్ల మారింది. వీధిలో గోడ వారనే నడుస్తుంది, చెప్పక్కర్లేదు. హోమ్‌వర్కు బాత్‌రూమ్‌లో పీట వేసుకుని చేసుకుంటోంది, అక్కడ కిటికీ లేదు కదా. ఎంత తెలివో! రాత్రిళ్లు నాతో పడుకోవడం మానేసి నానమ్మ పక్కన పడుకుంటోంది. "నానమ్మకి ఏమీ వినపడదు కదమ్మా, తోడుండాలి" అంది. దాని వయసులో నాకు ఇంత బాధ్యత ఎక్కడిది?

అత్తయ్య మాత్రం ఏదో ఒకటి పట్టుకుంటుంది. "అమ్మాయ్, పిల్ల ఒక పక్కనే నములుతోంది చూశావా?" అంది.

"ఆకలి లేదేమో అత్తయ్యా" అని చెవి దగ్గర అరిచాను.

"ఆకలి కాదే, నమలడం!"

ఆవిడకి చెవులు లేవు గాని కళ్లకేం, ఇంట్లో అందరి పళ్లేల మీదా ఉంటాయి.

మార్చి 24

ఆయన వచ్చాడు. ఒళ్లంతా బురద, అలసట. ఒక్క పూటే ఉన్నాడు. ఆ ఒక్క పూటలోనూ పోట్లాడుకున్నాం.

"కాసేపు దాన్ని బయట తిప్పవే. ఎండ తగలనీ. మొహం చూడు, సుద్దలా తెల్లగా పాలిపోయింది."

"ఎండతో పాటు ఇంకేమన్నా తగిలితే?"

"నేను రోజూ బయటే ఉంటున్నానుగా."

"మీ సంగతి వేరు."

"నా సంగతి వేరా?" అని నవ్వాడు. నిజంగా నవ్వు కాదు అది. ఆయన గురించి నాకు భయం లేదనుకుంటున్నాడు. భయపడ్డానికి ఒక్కదాన్ని ఎంతకని సరిపోను?

తండ్రీకూతుళ్లు వంటగదిలో ఏవో గుసగుసలాడుతుంటే వెళ్లాను. ఆగిపోయారు. "ఏంటి?" అంటే "ఏం లేదు" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఆయనకి చెప్పేవి నాకెందుకు చెప్పదు? రోజంతా దాని కోసం చచ్చేది నేను. కుళ్లుగా అనిపించింది, రాసుకోవడానికి సిగ్గెందుకు, కుళ్లే.

మార్చి 27

బడులు తిరిగే పళ్ల డాక్టరు దగ్గర్నుంచి పార్శిలొచ్చింది. పిల్లల అచ్చులు. పేర్లుండవు, నంబర్లే. అన్నీ మామూలువే, ఒక్కటి తప్ప.

సుద్ద ఆరాక అచ్చులోంచి తీసి చేతిలో పెట్టుకుని తిప్పితిప్పి చూశాను. కోరపళ్ల మొనలు అరిగి బల్లపరుపుగా ఉన్నాయి. ఎడమవైపు దవడపళ్లు మరీనూ. వెనక పళ్లు ఇంకా రావలసి ఉన్న వయసు! నలభై ఏళ్ల మనిషి నోరు పిల్ల నోట్లో పెట్టినట్టుంది. ముందు పళ్లలో ఒకటి పక్కదాని మీద కాలేసుకుని కూర్చుంది, చిలిపిగా. నవ్వితే ఎంత బాగుంటుందో ఆ పిల్ల. ఆడపిల్లే అయ్యుంటుంది.

యజమానికి చూపించాను. "పిల్లలక్కూడా మొదలైందా" అన్నాడు, అంతే.

ఆ తల్లికి కళ్లేమయ్యాయి? పక్కలో పడుకున్న పిల్ల కటకటా పళ్లు కొరుకుతుంటే వినపడదా? రోజూ తిండి పెడుతుంది కదా, ఎలా నములుతుందో చూడదా? పనులుంటాయి, నిజమే. ఎవరికి లేవు? ఇలాంటి వాళ్లను నిలబెట్టి కడిగెయ్యాలనిపిస్తుంది. ఈ తొడుగు నేనే చేస్తానని తీసుకున్నాను. మెత్తటి రకంలో చెయ్యాలి, పిల్ల కదా.

మార్చి 28

రాత్రి భోజనాల దగ్గర పిల్ల రొట్టె ముక్క కొరికింది.

ఆ పన్ను ల్యాబులో నా బల్ల మీద, సుద్దలో ఉంది.

మార్చి 29

నిన్న అంతకు మించి రాయలేదు. ఇవాళ ఆదివారం, వరసగా రాస్తాను.

"నోరు తెరువ్" అన్నాను.

"ఎందుకు?"

"తెరవమంటున్నానా!"

తెరిచింది. దీపం దగ్గరికి లాక్కెళ్లి చూశాను. ఎడమవైపు, కోరపళ్లు, అన్నీ. ముందు పళ్లలో ఒకటి పక్కదాని మీద కాలేసుకుని. వాళ్ల నాన్నకీ అలాగే ఉంటుంది. పదకొండేళ్లుగా ముద్దుపెట్టుకుంటున్న మొహం, సుద్దలో చూసి పోల్చుకోలేకపోయాను. పరాయి పిల్లయితే చాలు, ఎక్కడలేని జాలి పొంగుకొస్తుంది నాకు. అదే నా ఇంట్లోనైతే కళ్లకి గంతలు.

"బడిలో డాక్టరు అచ్చు తీశాడా?"

తలూపింది.

"ఎవర్నడిగి?"

"నాన్న సంతకం పెట్టాడు. పదిహేను రోజుల కింద వచ్చినప్పుడు రాత్రి నాన్నకి వినపడింది, నేను పళ్లు కొరకడం. నువ్వు నిద్రలో ఉన్నావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కంగారు పడతావని. నీకు ఇప్పుడిప్పుడే నిద్ర పడుతోంది కదా. వినపడితే మళ్లీ పట్టదు. అందుకే నానమ్మ దగ్గర పడుకుంటున్నా" అంది.

అంటే చెవిటి మనిషిని చూసి పక్క వేసుకుంది. బాధ్యత అని రాసుకున్నాను ఇక్కడే, నాలుగు పేజీల వెనక.

"మరి చదరంగం? నచ్చిందన్నావు కదే?"

"నాకు చదరంగమంటే చిరాకు. కింద చీకటి. బూజు వాసన. అందరూ ఎత్తులేస్తున్నా చెవులన్నీ పైనే ఉంటాయి. కానీ నేను అక్కడుంటే నువ్వు నిద్రపోతున్నావు."

అప్పుడు అత్తయ్య అందుకుంది. మేం ఏం మాట్లాడుకుంటున్నామో ఆవిడకి ఒక్క ముక్క వినపడలేదు, మొహాలు చూసి ఆ మంగళవారం గురించే అనుకున్నట్టుంది. "దాన్ని తిట్టకే అమ్మాయ్! పిచ్చిపిల్ల ఆ రోజు నన్ను బాత్‌రూమ్‌లోకి ఈడ్చుకెళ్లి, నన్ను గట్టిగా పట్టుకుని, తన రెండు చేతులతో నా చెవులు మూసింది. నా చెవులు! వాటికేం వినపడుతుందని? తనవి మూసుకోవాలి గాని!" అని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

అవతలి వీధి ఇళ్లు రెండు కూలాయి ఆ రోజు. మా కిటికీలన్నీ గదిలోకొచ్చి పడ్డాయి. నేను పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఇద్దరూ గాజుపెంకులు ఊడుస్తున్నారు. ఇద్దరికీ గీత కూడా పడలేదని సంబరపడ్డాను. ఆ గంటసేపూ ఆ చప్పుడంతా ఎవరి చెవుల్లోకి పోయిందో నాకు అసలు తట్టనేలేదు.

పడుకునే ముందు వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. "ఈత ఎందుకు కావాలన్నావు?"

"నీళ్లలో సైరన్ వినపడదని నువ్వే అన్నావుగా."

"అందుకేగా వద్దన్నాను."

"అందుకేగా నేను కావాలన్నది" అని అటు తిరిగి పడుకుంది.

మార్చి 30

ఆయనకి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. అన్నీ విని, "నీకు చెప్పాలనే అనుకున్నాను. చెప్తే నువ్వేం చేసేదానివి?" అన్నాడు. ఏం చేసేదాన్ని? ఇంకా లోతుగా ఉన్న సెల్లారు వెతికేదాన్ని. ఫోన్ పెట్టేశాక అదే తోచింది.

ఏప్రిల్ 1

ఈతకొలనుకెళ్లాను. పిల్లకి చెప్పకుండా వెళ్లాను, నచ్చకపోతే చెప్పకుండానే మరిచిపోవచ్చని.

నడిపేది ఒక పెద్దావిడ. లావుగా, పొట్టిగా, మెడలో విజిలు, కాళ్లకు రబ్బరు చెప్పులు. అందరూ మేడం అంటారు. పైకప్పుకి ఒకప్పుడు అద్దాలుండేవట, ఈ గొడవ మొదలైన మొదటేడే రాలిపోతే రేకులు వేశారు. కొలను కింద పంపుల గది ఉంది, గోడలు మూరెడు మందం. పిల్లలు అందులోకి దిగాలి. అంతా చూపించింది. నేను వంకలు పెట్టడం మొదలుపెట్టాను. నీళ్లు చల్లగా ఉంటాయేమో, గచ్చు జారుతుందేమో. ఆవిడ చేతులు కట్టుకుని వింది.

"అసలు సంగతి చెప్పమ్మా" అంది.

"నీళ్లలో ఉన్న పిల్లకి సైరన్ ఎలా వినపడుతుంది?"

"వినపడదు. ఇలా రా, మోకాళ్ల మీద కూర్చో. ఒక చెవి నీళ్లలో పెట్టు."

"నేనా?"

"మీ ఇంటి నుంచి ఇంకెవరన్నా వచ్చారా?"

పని బట్టల్లో, జుట్టంతా సుద్ద పొడితో, ఆ తడి గచ్చు మీద మోకాళ్లూని చెవి నీళ్లలో పెట్టాను. మొదట ఏమీ లేదు. అంటే నిజంగా ఏమీ లేదు. వీధి లేదు, పైన రేకుల చప్పుడు లేదు. ఇంత నిశ్శబ్దం ఈ ఊళ్లో ఇంకా ఉందని నాకు తెలియదు. లేవబుద్ధి కాలేదు. అంతలో ఖణేల్‌మని మోగింది. చెవిలో కాదు, దవడల్లో, నడినెత్తిలో. ఒక్క ఉదుటున లేచాను. ఆవిడ ఇనపరాడ్డు పట్టుకుని కొలను నిచ్చెన పక్కన నిలబడి ఉంది.

"నిచ్చెన మీద ఒక్క దెబ్బ కొడితే అడుగున ఉన్నవాడు కూడా పైకి తేలతాడు. మొదటి రోజు నేర్పేది అదే, ఈత తర్వాత."

"పిల్లకి ఏమీ కాదని పూచీ ఇస్తారా?" అని అడిగేశాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడుగుతున్నప్పుడే తెలుసు.

"ఇవ్వను. చదరంగం మాస్టారు ఇచ్చాడా?"

ఇవ్వలేదు. నేనే ఇచ్చాడనుకున్నాను.

షరతులు రెండు. క్లాసు జరిగేటప్పుడు తల్లులు లోపలికి రాకూడదు, ఫోన్లు చేయకూడదు. పోయిన ఏడాది సైరన్ మోగినప్పుడు ఒకావిడ పరిగెత్తుకొచ్చి తడి గచ్చు మీద జారి కాలు విరగ్గొట్టుకుందట. "ఇన్నాళ్లలో ఇక్కడ ఎవరికన్నా దెబ్బ తగిలిందంటే అదొక్కటే" అంది మేడం.

ఏప్రిల్ 2

పంపలేదు. పిల్లకి జలుబు.

ఏప్రిల్ 3

జలుబు తగ్గలేదు. ఆయన ఫోన్‌లో, "జలుబు ఎవరికి?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. పిల్ల చదరంగానికి పోయి వచ్చింది. తుమ్మలేదు, దగ్గలేదు. ఒక్కసారి కూడా.

ఏప్రిల్ 4

తొడుగు పూర్తయింది. ఎన్ని వందలు చేసి ఉంటాను, ఇంత నెమ్మదిగా ఏదీ చెయ్యలేదు. అంచులు వేలితో తడిమి తడిమి చూశాను. రాత్రి పిల్ల పెట్టుకుని అద్దంలో చూసుకుని, నోరంతా నిండిపోయి నత్తినత్తిగా "అమ్మా, నేను ముసల్దాన్లా ఉన్నానా?" అంది. నా పక్కనే పడుకోమన్నాను. పడుకుంది. రెండుసార్లు దవడ బిగిసింది, చూస్తూ ఉన్నాను. చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే తగ్గినట్టు కాదని ఈ పని చేసేదాన్ని, నాకే తెలియాలి. తొడుగు పంటిని కాపాడుతుంది, అంతవరకే.

పొద్దున చదరంగం మాస్టారికి చెప్పాలి, ఇక రాదని.

ఏప్రిల్ 6

పంపాను.

బడి గేటు దగ్గర మేడం వరస కట్టించి తీసుకెళ్లిందట. ఐదింటికి పై వీధి అమ్మాయితో కలిసి వచ్చి కింద వాచ్‌మన్ గదిలో నానమ్మ దగ్గర కూర్చుంది. నేను మధ్యాహ్నమంతా ఒక పెద్దాయన కింది దవడ చేస్తూ రెండు పళ్లు తలకిందులుగా అమర్చాను. యజమాని చూసి, "ఆయన ఇలా ఏం నములుతాడమ్మా, తల కిందికి పెట్టి తినాలా?" అన్నాడు. మళ్లీ చేశాను.

పిల్ల జుట్టు ఆరలేదు. రేపు జలుబు నిజంగానే చేస్తుంది, అబద్ధానికి శిక్ష.

ఏప్రిల్ 7

తుమ్ముతూనే వెళ్లింది. ఆపలేకపోయాను. ఆపలేదు, అని రాయాలి.

ఏప్రిల్ 10

ఇవాళ నాలుగు దాటాక మోగింది. అది నీళ్లలో ఉండే వేళ.

అందరం ల్యాబు కింద గోదాములోకి దిగాం. ఫోన్ చేతిలోనే ఉంది. "సార్, ఇది మీ దగ్గరుంచండి, నేనడిగినా ఇవ్వకండి" అని యజమానికిచ్చాను. వెంటనే అడిగాను. ఇవ్వలేదు. మళ్లీ అడిగితే జేబులోంచి తీసి మైనం డబ్బాలో పడేసి మూత పెట్టి, మూత మీద కూర్చున్నాడు. ఆ మనిషి మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, గట్టిగా ఏడ్చేశాను. ఆయన అటు తిరిగి ఇన్వాయిసులు చూస్తున్నట్టు నటించాడు. పాపం, దీపమే లేదక్కడ.

ఎక్కడో దూరంగా రెండు పడ్డాయి. ఏ వైపో తెలియలేదు. పంపుల గది గోడలు మూరెడు మందమని తలుచుకున్నాను. ఆ పైన ఏమున్నా గోడ గోడే గదా అనుకున్నాను. సెల్లారులో ఉంటే ఈ పాటికి భయం లేకుండా కూర్చునేదాన్ని. ఆ భయమంతా అది మోసేది. ఈ మాట అనుకున్నాకే కాస్త ఊపిరి ఆడింది.

ప్రమాదం తప్పిందని మళ్లీ మోగాక ఫోన్ ఇచ్చాడు. మేడం దగ్గర్నుంచి తల్లులందరికీ ఒకటే మెసేజి: 'అందరూ బాగున్నారు. ఫోన్లు చేయొద్దు.' ఆరు దాకా పని చేసి నడిచే వచ్చాను. పరిగెత్తలేదు. మెట్ల దగ్గర మాత్రం ఆగలేకపోయాను.

గుమ్మంలోంచే దాని గొంతు వినపడుతోంది, వీధి చివరికి వినపడేలా. పక్క వరసలో ఈదే పిల్ల దీని కాలు పట్టి లాగిందట. మేడం ఆ పిల్లని ఏమీ అనలేదట. మేడం టోపీ పెట్టుకుంటే గుమ్మడికాయలా ఉంటుందట. నీళ్లలో కళ్లు తెరవొచ్చట, మొదట మండుతుంది, తర్వాత మండదట. భోజనానికి కూర్చున్నా నోరు ఆగలేదు, నమలడం, మాట్లాడటం ఒకేసారి. సైరన్ ఇప్పుడొస్తుంది మాటల్లో, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూస్తూ నేను పళ్లెంలో వేళ్లు కదపడం మరిచిపోయాను. రాలేదు. "భయం వేసిందా తల్లీ?" అన్న మాట నా నాలిక చివర కూర్చుని ఉంది.

నేను అడగకముందే అత్తయ్య అరిచినట్టుగా అడిగింది. "ఇవాళ మోగిందటగా? వాచ్‌మన్ పెళ్లాం చేతులూపి చెప్పింది. భయపడ్డావా?"

"అబ్బ, నానమ్మా! అదేగా చెప్తున్నా!" అని నానమ్మ చెవికి నోరానించి మొదలుపెట్టింది. "పంపుల గదిలో అందరం నిలబడ్డామా, అప్పుడు అదే, ఆ కాలు లాగిన పిల్లే, నా తువ్వాలు తీసుకుని కప్పుకుంది. ఇమ్మంటే ఇవ్వదు! నాకు చలి! తనదే అంటుంది! నా తువ్వాలుకి నీలం అంచు, దాని తువ్వాలుకి అసలు అంచే లేదు, అయినా తనదే అంటుంది, సిగ్గు లేదు దానికి!" కోపంతో మొహం ఎర్రబడింది. కళ్లు మెరుస్తున్నాయి. రెండు వైపులా నములుతోందో లేదో ఈసారి చూశాను. చూసి చెప్పలేకపోయాను, అంత గబగబా తింటోంది.

నా ప్రశ్న మింగేశాను.

"ఇంతకీ ఇచ్చిందా లేదా?" అన్నాను.

"ఎక్కడ! కప్పుకుని ఇంటికెళ్లిపోయింది!"

రేపటికి ఇంకో తువ్వాలు పెట్టాలి.